ఇత్తడి రౌతు వయసు

ఆదిలాబాదు,
14 జూన్ 1959

పూజ్యులు రామచంద్రం చిన్నాయన గారికి,
అనసూర్య నమస్కరించి రాయునది.

బాపు కన్నుమూసి ఏడాది దాటింది. ఇంతకాలం ఇంట్లో ఎవరమూ ఎత్తని మాటను ఇప్పుడు ఎత్తవలసి వచ్చింది. దీపావళి దాటితే ఎత్తినా ప్రయోజనం ఉండదు కనుక ముందుగా మీకే రాస్తున్నాను.

బాపు భూములు కొలిచే కొలువులో జైనూర్ గుట్టల్లో తిరిగిన పన్నెండేళ్ళలో కూర్చిన నలభై ఒక్క ఇత్తడి బొమ్మలు మీకు తెలిసినవే. అవి విడిపోకుండా ఒకచోట ఉండాలన్నది ఆయన కోరిక. హైదరాబాదులో ఒక విద్యాసంస్థ తన ప్రదర్శనశాల కోసం అన్నింటినీ కలిపి తీసుకుంటామని రాసింది. వారు అడిగినది ఒక్కటే. అర్హత గల మదింపుదారు ఒకరు ప్రతి బొమ్మనూ చూసి, అది ఏమిటో, ఏ కాలానిదో, ఎంత విలువ చేస్తుందో రాసి సంతకం చేసిన పత్రం కావాలి.

చిక్కు అన్నతో వచ్చింది. బెల్లంపల్లి బొగ్గుబాయిలో ఓవర్‌మన్‌గా కూలీల షిఫ్టులు చూసే మా కొమురెల్లన్న మొన్న సెలవుకు వచ్చాడు. నాగపూర్ సేటు ఒకాయన తొమ్మిది బొమ్మలు ఏరుకుని కొంటానన్నాడట, వాటిలో గుర్రపు రౌతు మొదటిది. "వేరే మనిషెందుకే? సేటే వచ్చి సూస్తడు, సేటే ధర చెప్తడు, సేటే పట్కపోతడు. ఒక్క మనిషితోని మూడు పనులైతయి" అన్నాడు.

కొనేవాడే ధర చెబితే ఎట్లా అన్నాను. "మరి నువ్వు తెచ్చేటోడు ఎవడు? బాపు చెవి ఎప్పుడు నీ దగ్గర్నే ఉండె. గీసారి గూడ నన్ను పిచ్చోన్ని చెయ్యకు" అన్నాడు. కోపంతో అనలేదు, అన్నం కలుపుకుంటూ మెల్లగా అన్నాడు. దీపావళి లోపల తాను నమ్మగల పత్రం వస్తే సంస్థకు ఇవ్వడానికి సంతకం చేస్తాడు. రాకుంటే ఆ తొమ్మిదీ సేటుకు పోతాయి. తొమ్మిది పోయాక మిగతా ముప్ఫై రెండు ఎవరికి కావాలి?

మీరు ఇరవై రెండేళ్ళు ప్రదర్శనశాలలో లోహపు వస్తువులు చూసుకున్నవారు. ఈ బొమ్మలను మీకంటే ఎరిగినవారు లేరు. మీరే వచ్చి ఆ పత్రం రాసి ఇవ్వాలి.

ఇట్లు,
అనసూర్య

కరీంనగర్,
26 జూన్ 1959

చిరంజీవి అనసూర్యకు,
ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. నేను ఆ పత్రం రాయకూడదు. నా కళ్ళకు పొర కమ్మింది, అక్షరం కనబడుతుంది కాని ఇత్తడి మీది గీత కనబడదు. పైగా నేను మీ బాపు లింగమూర్తికి స్నేహితుణ్ణి. నా మాట కొమురెల్లి నమ్మడు, నమ్మకపోవడంలో అతని తప్పు లేదు. ఈ రెండు కారణాలు చాలుననుకుంటాను.

అయితే మనిషిని ఎంచుకోవడంలో సాయపడగలను. పేరు వెనుక ఉన్న పట్టాను చూసి తొందరపడకు. పట్టుచీర నాణ్యం చెప్పగలవాడు గొంగడి నాణ్యం చెప్పలేడు. గుడి విగ్రహాలు తెలిసినవాడికి గుట్టల పోత తెలిసి ఉండాలని లేదు. జైనూర్ వైపు ఓజ కుటుంబాలు మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి, మైనం కరిగిపోయిన సందులో ఇత్తడి పోస్తారు. మట్టిని పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది, కనుక ఏ అచ్చూ రెండోసారి పనికిరాదు. ఈ పని కళ్ళారా చూశారా అని అడుగు. చూడలేదంటే మర్యాదగా వదిలిపెట్టు.

ఫీజు రోజుకింత అని చెప్పేవాడు కావాలి. పలికిన ధరలో వంతు అడిగేవాడికి ధర పెరగాలన్న ఆశ పుడుతుంది, ఆ ఆశ కంటిలో కూర్చుంటుంది. బొమ్మను పగటి వెలుగులో చేతికి తీసుకుని తలకిందులు చేసి చూడాలి. తన మాటకు కారణం రాయాలి, కారణం లేని అంకె సోదె వంటిది. అన్నిటికంటె ముఖ్యం, తనకు తెలియనిది ఏదో చెప్పమను. ఆ ప్రశ్నకు నొచ్చుకునేవాడు మనకు వద్దు.

ఈ ఉత్తరం కొమురెల్లికి కూడా చదివి వినిపించు. ఎంపికలో అతని చేయి ఉంటే ఫలితంలో అతని నమ్మకం ఉంటుంది. వదినకు నా నమస్కారాలు.

రామచంద్రం

ఆదిలాబాదు,
9 ఆగస్టు 1959

చిన్నాయన గారికి నమస్కారములు.

మొదటి మదింపు ముగిసింది. ఎట్లా ముగిసిందో రాయడానికి రెండు రోజులు ఆగాను, కోపం తగ్గాలని. తగ్గలేదు.

హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. దేవాలయాల పంచలోహ విగ్రహాలకు వెలకట్టిన అనుభవం ఉన్నవారు. మీ ప్రశ్నలన్నీ ముందే రాసి పంపాను. అన్నిటికీ జవాబు సరిగానే ఉంది, గుట్టల పోతకు మాత్రం "ఇత్తడి ఎక్కడైనా ఇత్తడే" అని రాశారు. అది ధీమా అనుకున్నాను. నా పొరపాటు.

ఆయన వస్తున్నారని మమ్మల్ని కన్న అవ్వకు ఒకరోజు ముందు చెప్పాను. ఇది నా రెండో పొరపాటు. తెల్లవారి లేచి చూస్తే వాకిట్లో నలభై ఒక్క బొమ్మలు బంగారంలా మెరుస్తున్నాయి.

ఆయన గడప దగ్గరే ఆగిపోయి, "ఏమండీ, వీటికి చిలుము ఏదీ?" అన్నారు.

"చిలుమెందుకుంటది బిడ్డా? పట్నం నుంచి పెద్దమనిషి వస్తుండంటే దేవుండ్లను మురికిగ పెడ్తనా? చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమిన. చేతులు సూడు, పొక్కులొచ్చినయి" అంది అవ్వ.

"పాతవాటికి నల్లదనం ఉంటుందమ్మా. ఇవి నిన్నటి సరుకు."

"నిన్నటియెట్లయితయి? మా కొమురెల్లి బడికి పోయేటప్పటి సంది తోముతున్న. నా చెవుల కమ్మలు గూడ మెరుస్తయి, గవి గూడ నిన్న చేయించినయేనా?"

ఆయన నవ్వలేదు. అరగంటలో అర కాగితం రాసిచ్చారు. 'నలభై ఒక్క ఇత్తడి బొమ్మలు, ఇటీవలి బజారు పని, తూకానికి అమ్మదగినవి.' ఒక్క బొమ్మనూ తలకిందులు చేయలేదు.

అన్నకు కాగితం చూపించకుండా ఉండలేను కదా. చదివి మడిచి ఇచ్చేశాడు. "తూకానికా? సేటు నయం" అన్నాడు.

అవ్వ మూడు రోజులుగా సరిగా తినడం లేదు. తప్పు తనదేనా అని అడుగుతుంది. ఏమి చెప్పాలి?

అనసూర్య

కరీంనగర్,
17 ఆగస్టు 1959

చిరంజీవి అనసూర్యకు ఆశీస్సులు.

తప్పు తనది కాదని వదినకు చెప్పు. తోమవద్దని ముందుగా చెప్పవలసినవాణ్ణి నేను. నా ఉత్తరంలో వచ్చే మనిషిని గురించి రాశాను, ఇంట్లో బొమ్మలను ఎట్లా ఉంచాలో రాయలేదు. ఇల్లాలు దేవుణ్ణి తోముతుందని తెలియనివాడు మన ఇండ్ల ఇత్తడికి వెల కట్టడానికి రాకూడదు.

మెరుపు వయసును దాచగలదు, చెరిపివేయలేదు. చింతపండు పైననే పారుతుంది. బొమ్మ లోపలి బోలులో పోతనాటి మట్టి గట్టిపడి అట్లాగే ఉంటుంది, అక్కడికి ఏ ఇల్లాలి వేలూ పోదు. అడుగున ఇత్తడి పోసిన దారి దగ్గర చిన్న మొటిమ ఉంటుంది. దాన్ని రాకిన ఆకురాతి గీతలు ఏ పనిముట్టువో చూసి కొంత చెప్పవచ్చు. అవి చూడకుండా రాసిన కాగితం మదింపు కాదు. సంస్థకు దానిని పంపవద్దు. అయితే దాచవద్దు కూడా. ఎవరైనా అడిగితే చూపి, ఎందుకు పక్కన పెట్టామో చెప్పు.

ఇకమీదట తడిగుడ్డ కూడా తగలనీయకు. వదిన చేతులకు కొబ్బరినూనె రాయి.

రామచంద్రం

ఆదిలాబాదు,
20 సెప్టెంబరు 1959

చిన్నాయన గారికి నమస్కారములు.

రెండో పత్రం పది రోజుల కింద వచ్చింది. ఇంట్లో ఈ రోజు పాయసం వండారు. నేను తినలేకపోయాను. ఎందుకో రాస్తాను, మీరు నన్ను తప్పు పట్టరు.

ఈసారి వరంగల్లు నుంచి చిత్రకళ చెప్పే అధ్యాపకుడు ఒకరు వచ్చారు. ఓజవాళ్ళ పని చూశానన్నారు, రోజుకింత అన్నారు, తనకు వెండి తెలియదని తానే చెప్పారు. మీ పరీక్షలన్నీ గట్టెక్కారు. బొమ్మల పెట్టె తెరిచాము. పెట్టె మూత లోపలివైపు 1949లో మీరు బాపుకు రాసిన ఉత్తరం అంటించి ఉన్న సంగతి మీకు గుర్తుందో లేదో. ఆయన దాని ముందు కూర్చుని రెండుసార్లు చాయ్ తాగారు. బొమ్మలను ఒకటి రెండు ఎత్తి చూసి, పుస్తకంలో ఏదో రాసుకుని, సాయంత్రం బస్సుకు పోయారు. "పెట్టె మూత సూసి పాయె. బొమ్మలు సూడనేలే" అంది అవ్వ. ముసలివాళ్ళ గొణుగుడు అనుకున్నాను.

పత్రం పన్నెండు పేజీలు, టైపు కొట్టించి, ముద్ర వేసి ఉంది. గుర్రపు రౌతు గురించి ఇట్లా ఉంది: 'రౌతు ముక్కు, గుర్రపు కళ్ళెం నునుపుగా అరిగిన తీరు తరతరాల పూజకు సాక్ష్యం. రెండు వందల ఏళ్ళకు తక్కువ కాదు.' వెంటనే పెట్టె మూత తెరిచి చదివాను. మాట మారలేదు, కామా మారలేదు.

మొదటాయన చూడకుండా కొత్తవన్నారు. ఈయన చూడకుండా పాతవన్నారు. నేను ఎవరిని నమ్మాలి? తిరిగి తిరిగి మీ దగ్గరికే వస్తున్నాను. అందరూ మీ మాటనే రాస్తున్నప్పుడు మీరే రాస్తే ఏమి? ఆ కళ్ళతోనే ఒకప్పుడు చూశారు కదా.

అన్న మాత్రం పత్రాన్ని మూడుసార్లు చదివాడు. "రెండు నూర్ల ఏండ్లా? గట్లయితే సేటు లేదు గీటు లేదు. నీ సంస్థకే ఇద్దాం" అన్నాడు. సంస్థవారికి కబురు పంపితే, తమ జాబితాలో రౌతునే మొదటి బొమ్మగా అచ్చువేస్తామని ఈ రోజు జవాబు వచ్చింది. నేను కోరినది జరుగుతున్నది. అయినా సంతకం పెట్టించడానికి నా చేయి ఆడడం లేదు.

అనసూర్య

కరీంనగర్,
29 సెప్టెంబరు 1959

చిరంజీవి అనసూర్యకు,

సంతకం పెట్టించవద్దు. కారణం చెబుతున్నాను. జూన్ నెలలోనే చెప్పవలసినది ఇది.

1949లో నేను మీ ఇంటికి వచ్చినప్పుడు రౌతు ముక్కు చదునుగా, కళ్ళెం దారంలా సన్నగా ఉంది. పూజలో తాకి తాకి అరిగిందనుకున్నాను. లింగమూర్తి అడిగితే రెండు వందల ఏళ్ళని రాసి ఇచ్చాను. రెండేళ్ళ తరువాత మళ్ళీ వచ్చాను. పెరటిలో నీళ్ళ గాబు దగ్గర వదిన రౌతును ఒళ్ళో పెట్టుకుని ఇటుకపొడితో తోముతూ ఉంది.

"ఏంది వదినా, రౌతును గట్ల రాకుతున్నవు?" అన్నాను.

"శుక్రారం శుక్రారం తోముత మరిదీ. గూట్ల పెట్టి మొక్కేది గిదొక్కటే గద, అన్నిట్లకంటె ఎక్కువ తోముత. తెచ్చినప్పుడు ముక్కుండె. ముక్కు పోతే పోయింది గని మెరుపు సూడు" అంది.

బొమ్మను చేతికి తీసుకున్నాను. మొక్కే చేయి నుదుటిని తాకుతుంది, పాదాలను తాకుతుంది. గుర్రం తోక కింద తాకదు. అక్కడ కూడా అంతే అరిగి ఉంది. ఆ చోటును నేను మొదటిసారే చూశాను, చూసి దాని గురించి ఆలోచించలేదు. రెండు వందల ఏళ్ళ పూజ అని నేను చదివినది వదిన పన్నెండేళ్ళ చాకిరీ.

అప్పుడే ముందు గదిలో లింగమూర్తి ఎవరో అతిథికి నా ఉత్తరం చదివి వినిపిస్తున్నాడు. ఆ గొంతులోని సంతోషం విని నేను మాట్లాడలేదు. మరుసటి రోజు చెబుదామనుకున్నాను. ఆ రోజూ చెప్పలేదు. తరువాత ఏడేళ్ళు చెప్పలేదు. తరువాత అతను లేడు.

ఇంకొకటి. జూన్‌లో నీవు అడిగినప్పుడు ఈ పనికి సరైన మనిషి ఎవరో నాకు తెలుసు. నర్మద అని, హైదరాబాదులో ఉంటుంది, పుణెలో చదువుకున్నది. ఆరేళ్ళు జైనూర్ గుట్టల్లో ఓజవాళ్ళ కొలిముల దగ్గర కూర్చుని పని చూసి రాసుకున్నది. ప్రదర్శనశాలకు వచ్చినప్పుడల్లా నేనే బీరువాలు తెరిచి చూపేవాణ్ణి. ఆమె వస్తే రౌతు సంగతి తేలిపోతుందని ఆమె పేరు రాయలేదు. కళ్ళ పొర నిజమే, స్నేహమూ నిజమే, కాని నేను రాకపోవడానికి అసలు కారణం అవి కావు. నా వల్ల నీకు మూడు నెలలు పోయాయి. ఆమె చిరునామా దీనితో పంపుతున్నాను.

రామచంద్రం

ఆదిలాబాదు,
5 అక్టోబరు 1959

శ్రీ రామచంద్రం గారికి,

మీ ఉత్తరం అందింది.

అవ్వను అడిగాను. ఇంతవరకు వచ్చినవాళ్ళెవరూ ఆమెను ఏమీ అడగలేదు, నేను కూడా అడగలేదు. "ముక్కుండె. మంచిగ సూదిలెక్కుండె. మీ బాపుకు చెప్పిన, నేనే అరగదీసిన అని. 'రామచంద్రం పూజకు అరిగిందంటుండు, నువ్వు ఊకో' అని నవ్విండు" అంది. నమ్మక నవ్వాడో, నమ్మి నవ్వాడో తెలియదంది.

ఒక్క మాట సూటిగా అడుగుతాను. దీపావళికి ఇరవై ఆరు రోజులున్నాయి. అన్న ఒప్పుకున్నాడు. సంస్థ ఒప్పుకున్నది. మీరు ఎనిమిదేళ్ళు మౌనంగా ఉన్నారు, ఇంకొక్క నెల ఉంటే నలభై ఒక్క బొమ్మలూ ఒక కప్పు కిందికి చేరుతాయి. బాపు కోరిక తీరుతుంది. ఆ తరువాత రౌతు వయసు ఎంతైతే ఎవరికి నష్టం? నిజం చెప్పడానికి మీకు ఇంతకాలం పట్టింది. నాకు మాత్రం ఇప్పుడే ఎందుకు చెప్పారు?

అనసూర్య

కరీంనగర్,
12 అక్టోబరు 1959

చిరంజీవి అనసూర్యకు,

నీవు అడిగినది న్యాయమైన ప్రశ్న. ఇప్పుడే ఎందుకంటే, ఇంతకాలం నా తప్పు ఒక పెట్టె మూతకు అంటుకుని ఉంది. ఇప్పుడు నీ సంతకం కిందికి రాబోతున్నది. సంస్థవారు రౌతును అద్దాల బీరువాలో పెట్టిన మరునాడే నర్మద వంటి మనిషి ఒకరు దాని ముందు నిలబడతారు. ఒకటి అబద్ధమని తేలితే మిగతా నలభై బొమ్మలను ఎవరు నమ్ముతారు? లింగమూర్తి కూర్చినవన్నీ మొదటాయన చెప్పినట్టు బజారు సరుకుగా మిగిలిపోతాయి. అంతకంటె ముందు కొమురెల్లి ఉన్నాడు. తనను పిచ్చివాణ్ణి చేయవద్దని అతను నిన్ను అడిగాడు. ఈ నెల నేను మౌనంగా ఉంటే మనిద్దరం కలిసి చేసేది అదే.

1949 నాటి నా అభిప్రాయాన్ని వెనక్కి తీసుకుంటున్నానని, ఎందుకో కారణాలతో ఒక పత్రం రాసి ఇందులో పెట్టాను. దీన్ని నేరుగా సంస్థకు పంపలేదు. పది రోజుల్లో నీవు పంపితే నీ చేతి మీదుగా పోతుంది, వారికి నీ మీద గౌరవం నిలుస్తుంది. పంపలేకపోతే నన్ను అడగనవసరం లేదు, పదకొండో రోజు నేను పంపుతాను.

నీవు కోపంగా ఉండడం సరైనదే. నర్మదకు నేను వేరుగా రాశాను. దారి ఖర్చు, రోజు ఫీజు ఇస్తే చాలునంది. పత్రం ఎట్లా వస్తుందో ఎవరికీ మాట ఇవ్వలేనంది.

రామచంద్రం

ఆదిలాబాదు,
22 నవంబరు 1959

పూజ్యులు చిన్నాయన గారికి,
అనసూర్య నమస్కారములు.

మీ పత్రాన్ని తొమ్మిదో రోజు సంస్థకు పంపాను. ఎనిమిది రోజులు ఎందుకు ఆగానో మీరు అడగరని తెలుసు.

నర్మద గారు దీపావళికి వారం ముందు వచ్చారు. మనిషి సన్నగా, మాట మెల్లగా ఉంటుంది. వస్తూనే పెట్టె తెరవనీయలేదు. ముందు అవ్వను కూర్చోబెట్టి, ఏ బొమ్మ ఏ ఏడు వచ్చింది, దేన్ని ఎంత తోమేది అన్నీ అడిగారు. అవ్వకు మొదట సిగ్గు, తరువాత ఆపడం కష్టమైంది. "ఇన్నేండ్లకు నన్నడిగినవు బిడ్డా. వచ్చిపోయిన ఇద్దరు పెద్దమనుషులు నేను చాయ్ పోసే మనిషిననుకున్నరు" అంది.

అన్న ఆ రోజే వచ్చాడు, చేతులు కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నర్మద గారు అతని వైపు తిరిగి, "రౌతు వచ్చినప్పుడు మీకు ఎన్నేళ్ళు?" అన్నారు. నన్నెందుకు అడుగుతున్నారన్నట్టు చూశాడు. కట్టుకున్న చేతులు విప్పి, "పది నిండినయి. బాపు గుర్రం దిగి, సంచిలకెల్లి తీసి ముందు నా చేతులనే పెట్టిండు. రౌతు ముక్కు వేలికి గుచ్చుకుంటుండె. కళ్ళెం మీద జొన్న గింజలోలె చుక్కలుండె, లెక్కపెట్టిన, పదకొండు" అన్నాడు. నేను ఇది ఎన్నడూ వినలేదు. అన్నను అడిగినవారు లేరు.

రెండో రోజు రౌతును, మరో ఆరింటిని బుట్టలో పెట్టుకుని నర్మద గారు, అన్న, నేను జైనూర్ వైపు పోయాము. అక్కడ హనుమండ్లు అనే ఓజ పెద్ద ఉన్నాడు, అరవై దాటినవాడు. రౌతును తలకిందులు చేసి, బోలులోని మట్టిని గోటితో గీకి వాసన చూశాడు. "గిది మా కొలిమిదే. మా బాపు పోసిండో నేను పోసిన్నో చెప్పరాదు. ఆ ఏండ్లల్ల ఇద్దరం ఒక్క కొలిమి మీదనే పోస్తుంటిమి. మా బాపుది అంటే మీకు కుషీ, నాది అంటే నాకు కుషీ. ఏది రాస్తరు?" అన్నాడు.

"రెండూ రాస్త" అన్నారు నర్మద గారు.

"గట్ల రాస్తే ఎవరు కుషీ?" అని నవ్వాడు హనుమండ్లు.

మూడో రోజు పత్రం చేత్తోనే రాసిచ్చారు. నలభై ఒక్కటిలో ఇరవై మూడు వందేళ్ళ పైబడినవని కారణాలతో ఉంది. ఏడు మన కాలపువి, వాటిలో రౌతు ఒకటి, బాపు దాన్ని కొన్న 1937కు కొద్ది ఏళ్ళ ముందు పోసినది. పదకొండు బొమ్మల ఎదుట 'నిర్ణయించలేకపోయాను' అని ఉంది, ఎందుకు నిర్ణయించలేకపోయారో కూడా ఉంది. రౌతు కింద ఇట్లా ఉంది: 'కొనుగోలు నాటికి అరుగుదల లేదని కిష్టవ్వ గారు, ఆమె కుమారుడు కొమురెల్లి గారు చెప్పినారు. కొమురెల్లి గారి జ్ఞాపకం వివరమైనది, నమ్మదగినది.' మొత్తం విలువ వరంగల్లు పత్రంలో సగం కూడా కాదు.

అన్న కాగితాన్ని వెలుగులోకి తీసుకుపోయి చదివాడు. తన పేరున్న పంక్తి దగ్గర ఆగాడు. ఇక అయిపోయింది, సేటుకు కబురు పంపుతాడు అనుకున్నాను. నెమ్మదిగా ఇట్లా అన్నాడు: "బాయిల షిఫ్టుకు ముంగట పైకప్పును కట్టెతోని కొట్టి సూస్తం. దిగిన కాడల్ల మంచిగున్నది, మంచిగున్నది అనేటోని ఎనుక నేను పోను. గీ జాగ నాకు తెల్వది అన్నోని ఎనుకనే పోత. గీమె పదకొండు కాడ తెల్వదని రాసింది. సంతకం ఎక్కడ పెట్టాలె?"

నర్మద గారు చూపించిన చోట పెట్టాడు. సేటుకు తానే రాస్తానన్నాడు. నాతో మాత్రం, "ఆ ముసలాయన రాసిచ్చిన కాగితం గూడ సూసిన. ఎనిమిదేండ్ల తర్వాతనైన రాసిండు. బాయిల గట్ల రాసేటోన్ని ఒక్కన్ని సూడలే" అన్నాడు. మీకు చెప్పమనలేదు. నేనే చెబుతున్నాను.

సంస్థ నుంచి మాత్రం ఇంకా జవాబు లేదు. మీకు గతంలో ఒక ఉత్తరం చిన్నాయన అని పిలవకుండా మొదలుపెట్టాను. దాన్ని మీ దగ్గర ఉంచుకోవద్దు.

అనసూర్య

కరీంనగర్,
2 డిసెంబరు 1959

చిరంజీవి అనసూర్యకు,
ఆశీస్సులు.

కళ్ళ పొర ముదిరింది, నీ ఉత్తరం పక్కింటి పిల్ల చేత రెండుసార్లు చదివించుకున్నాను. నీవు వద్దన్న ఉత్తరం నా దగ్గరే ఉంటుంది. అది సరైన ఉత్తరం.

నర్మద పత్రం నకలు నాకూ పంపింది. ఆ ఇరవై మూడింటిలో ఆరు బొమ్మలను నేను కొత్తవని అనుకున్నాను, లింగమూర్తికి ఆ మాట చెప్పాను కూడా. అతను ఒప్పుకోక పెట్టెలో ఉంచాడు. అక్కడ అతనిదే సరైన చూపు.

సంస్థ సంగతి నీకు ఉన్నదున్నట్టు రాయాలి. వారి కార్యదర్శికి నేను వేరుగా రాశాను, పొరపాటు కుటుంబానిది కాదు, నాది అని. మొన్న జవాబు వచ్చింది. నీకూ ఒకటి పంపామన్నారు, ఈపాటికి చేరి ఉంటుంది. వారి జాబితాలో రౌతు మొదటి బొమ్మగా అచ్చుకు పోయిందట, దాన్ని ఆపించారు. రౌతు మొదటి పేజీలో లేకున్నా మొత్తం బొమ్మలను తీసుకోవాలా వద్దా అని వారి సంఘం ఫిబ్రవరిలో కూర్చుని నిర్ణయిస్తుందట. నీవు చేసిన పనిని మెచ్చుకున్నారు. మెచ్చుకోవడం వేరు, తీసుకోవడం వేరు.

నా తరఫున చేయగలిగినది ఇంకేమీ లేదు. నీవు చేయవలసినది కూడా లేదు, ఎదురుచూడడం తప్ప. వారు కాదంటే మరొక చోటు వెతుకుదాం. వెతకడానికి ఇప్పుడు నీ చేతిలో నిలబడే పత్రం ఉంది, దాని కింద నర్మదది, కొమురెల్లిది ఇద్దరి సంతకాలు ఉన్నాయి.

లింగమూర్తి నా తప్పును తెలుసుకుని నవ్వాడా, తెలియక నవ్వాడా అన్నది ఇక ఎవరూ చెప్పలేరు. నలభై ఒక్క బొమ్మలు ఒకచోట ఉంటాయా అన్నది ఫిబ్రవరిలో తేలవచ్చు, తేలకపోవచ్చు.

రామచంద్రం